పన్నెండు తడవల తేనీరు: పాత పుఎర్ టీ రుచి ఎందుకు మారుతుంది, దాన్నిబట్టి ఏం తెలుస్తుంది

క్లుప్తంగా

చైనాలోని యునాన్ ప్రావిన్స్‌లో తయారయ్యే పుఎర్ టీని ఏళ్ల తరబడి నిల్వ చేస్తారు. తాగేటప్పుడు ఒకే ఆకును పది పన్నెండు సార్లు, కొద్ది సెకన్ల చొప్పున వేడినీళ్లలో ఉంచి వంపుకుంటారు. ఆకులోని పదార్థాలు ఒక్కొక్కటి ఒక్కో వేగంతో నీళ్లలోకి దిగుతాయి కాబట్టి ప్రతి తడవకూ రుచి మారుతుంది. ఆ మార్పును వరసగా గమనిస్తే టీ ఎలాంటి చోట, ఎంత చెమ్మలో నిల్వ ఉందో చాలావరకు తెలుస్తుంది. అది సరిగ్గా ఎన్నేళ్ల నాటిదో మాత్రం తెలియదు. బజారులో ధర పలికేది ఎక్కువగా వయసును బట్టే కావడంతో కొనేవారికి చిక్కు అక్కడే మొదలవుతుంది.

పాత టీ అంటే పాడైన టీ కాదా?

తెలుగు ఇళ్లలో టీ పొడి అంటే దాదాపుగా సీటీసీ (క్రష్, టియర్, కర్ల్: నలిపి, చింపి, చుట్టడం) గుళికలే. పాలు, చక్కెర వేసి మరిగించి వడగట్టాక మిగిలిన పిప్పిని మళ్లీ వాడాలన్న ఆలోచన ఎవరికీ రాదు, రావలసిన అవసరమూ లేదు. అలాంటి అలవాటున్న ఇంటికి ఆన్‌లైన్ దుకాణం నుంచో, సింగపూర్‌లోనో మలేసియాలోనో ఉద్యోగం చేసే బంధువు చేతనో ఆకును అదిమి చేసిన ఒక పుఎర్ బిళ్ళ వచ్చిందంటే సందేహాలు వరసకడతాయి. చెక్కలా గట్టిగా ఉన్న ఆ బిళ్ళ కాగితం మీద ఇరవై ఏళ్ల కిందటి సంవత్సరం అచ్చయి ఉంటుంది. మొదట పోసిన నీళ్లు పారబోయాలంటారు. అదే ఆకును పన్నెండు సార్లు వాడవచ్చంటారు. పాలు పోయవద్దంటారు. ఇవన్నీ వట్టి ఆచారాల్లా వినిపిస్తాయి గానీ, వీటిలో ప్రతిదానికీ ఆకు తయారీలోనో, దాన్ని అదిమిన తీరులోనో, దానిలోని రసాయనాల్లోనో ఒక కారణం ఉంది.

నిజానికి కాలంతో బాగుపడే తిండి వస్తువులు మనకు కొత్త కాదు. కొత్త బియ్యం ముద్దకడుతుంది. ఏడాది దాటిన పాత బియ్యం పొడిపొడిగా ఉడికి, వండితే ఒదుగుతుంది. కొత్త చింతపండు ఎర్రగా, పుల్లగా ఉంటే పాత చింతపండు నల్లబడి పులుపు పదును తగ్గి లోతు పెంచుకుంటుంది. అయితే పాతబడడానికీ ముక్కిపోవడానికీ మధ్య తేడా ఉందని బియ్యం బస్తా దాచిన ప్రతి ఇంటికీ తెలుసు. పుఎర్ విషయంలోనూ ప్రశ్న అదే: కాలం గడిచింది సరే, ఎలాంటి చోట గడిచింది?

మొక్క ఒకటే, తయారీ వేరు

పుఎర్ టీకి వాడే పెద్దాకు మొక్క అస్సాం తోటల్లో పెరిగే రకమే. వృక్షశాస్త్రంలో రెంటికీ అస్సామికా అన్న పేరే ఉంది. తేడా అంతా కోసిన తరువాతి పనిలో ఉంది. అస్సాంలో 1930ల్లో పుట్టిన సీటీసీ పద్ధతిలో యంత్రం ఆకును నలిపి, చింపి, గుళికగా చుడుతుంది. కణాల గోడలు చితికిపోయి లోపలి పదార్థమంతా బయటపడుతుంది. అందుకే ఆ పొడి రెండు మూడు నిమిషాల మరుగులోనే తన దగ్గరున్నదంతా ఇచ్చేస్తుంది.

యునాన్‌లో ఆకును కొంత వాడనిచ్చి, వేడెక్కిన పెద్ద ఇనుప మూకుడులో చేత్తో ఎగరేస్తూ వేయిస్తారు. ఆకులోని ఎంజైములు పనిచేయడం ఆపడానికి చేసే ఈ పనిని చైనావారు పచ్చిదనాన్ని చంపడం అంటారు. గ్రీన్ టీకి దీన్ని పూర్తిగా చేస్తారు, పుఎర్‌కు కొంత తక్కువగా చేస్తారు. తరువాత ఆకును చేతులతో నలిపి, యంత్రపు వేడిలో కాకుండా ఎండలో ఆరబెడతారు. ఈ ఎండపెట్టిన ఆకు పేరు మావోచా. గట్టి వేడి తగలనందువల్ల కొన్ని ఎంజైములు, సూక్ష్మజీవులు అందులో మిగిలి ఉంటాయి. గ్రీన్ టీ ఏడాది దాటితే చప్పబడిపోతుంటే పుఎర్ దశాబ్దాలపాటు మారుతూ ఉండడానికి పునాది ఇక్కడే పడుతుంది.

ఆ ఆకును ఆవిరి పట్టి, గుడ్డ సంచిలో మూటగట్టి, రాతి అచ్చు కింద అదుముతారు. సంప్రదాయ బిళ్ళ బరువు 357 గ్రాములు. ఏడు బిళ్ళలను దొంతరగా పెట్టి వెదురు పొరల్లో చుడితే దాదాపు రెండున్నర కిలోలవుతుంది. కంచర గాడిదల మీద టిబెట్ దాకా నడిచిన సరుకు ఇది. ఇలా అదమడం మోతకు అనువు కోసమే మొదలైంది. టిబెట్ వారు అదిమిన టీని మరిగించి వెన్న, ఉప్పు కలిపి తాగుతారు కాబట్టి, పాలపదార్థం కలపడమే తప్పన్న మాట చరిత్రకు నిలవదు. పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ టీలోని వగరు పదార్థాలను పట్టేసుకుంటుంది, దాంతో తడవకూ తడవకూ మధ్య ఉండే తేడాలు కప్పబడిపోతాయి. వద్దనడానికి కారణం అంతవరకే.

పుఎర్ అన్నది ఒక ఊరి పేరు. చుట్టుపక్కల కొండల్లోని టీ అక్కడికి చేరి, సుంకం చెల్లించి బయటికి పోయేది. 1729లో చింగ్ రాజ్యం ఆ పేరుతో ఒక పాలనా విభాగాన్ని ఏర్పాటు చేసింది. 2007లో సిమావో నగరం ఆ ప్రఖ్యాతి కోసం తన పేరునే పుఎర్‌గా మార్చుకుంది. ఆకు పండేది మాత్రం ప్రధానంగా షిషువాంగ్‌బన్నా, పుఎర్, లిన్‌త్సాంగ్ ప్రాంతాల కొండల్లో. దిగువన మెకాంగ్‌గా పిలిచే లాన్‌త్సాంగ్ నదికి తూర్పున ఉన్న యీవు కొండల టీకి మెత్తదనం, తీపి పేరు తెస్తే, పడమటి బులాంగ్ కొండల టీకి చేదు పేరు తెచ్చింది. జింగ్‌మాయ్ కొండ మీది పాత టీ అడవులను యునెస్కో 2023లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పచ్చిది, పండినది

పుఎర్‌లో రెండు రకాలున్నాయి. అదిమిన తరువాత తనంతట తాను ఏళ్ల మీద మాగేది పచ్చి పుఎర్, చైనా పేరు షెంగ్. రెండోది షౌ, అంటే పండినది లేదా ఉడికినది. హాంకాంగ్ టీ హోటళ్లలో నల్లగా మాగిన టీకి గిరాకీ పెరిగి, అన్నేళ్లు ఆగే వీలు లేకపోవడంతో 1973 ప్రాంతంలో యునాన్ రాజధాని కున్మింగ్‌లోని టీ ఫ్యాక్టరీ ఒక దగ్గరదారి రూపొందించింది. మావోచాను పెద్ద కుప్పగా పోసి, నీళ్లు చల్లి, పట్టా కప్పి, అప్పుడప్పుడు తిరగేస్తూ నెలన్నర నుంచి రెండు నెలలు ఉంచుతారు. సూక్ష్మజీవుల పనితో కుప్ప లోపలి వేడి 50, 60 డిగ్రీల దాకా పెరుగుతుంది. పెంటకుప్ప ఎరువుగా మారేటప్పుడు లోపల పుట్టే వేడిని చూసిన రైతుకు ఈ ప్రక్రియ వెంటనే అర్థమవుతుంది. పచ్చి టీ ఇరవై ఏళ్లలో నడిచే దారికి దగ్గరగా ఉన్న మరో దారిలో షౌ రెండు నెలల్లో నడుస్తుంది. చేరే చోటు మాత్రం సరిగ్గా అదే కాదు.

కొనేవారిని తరచుగా తికమకపెట్టే అంకె 7542. మెంగ్‌హాయ్ టీ ఫ్యాక్టరీ పచ్చి బిళ్ళల్లో ప్రామాణికంగా పేరుపడ్డ మిశ్రమం అది. మొదటి రెండు అంకెలు ఆ మిశ్రమాన్ని రూపొందించిన 1975ను, మూడో అంకె వాడిన ఆకు తరగతిని, చివరి అంకె ఫ్యాక్టరీని సూచిస్తాయి. 1 కున్మింగ్‌ది, 2 మెంగ్‌హాయ్‌ది, 3 షియాగ్వాన్‌ది. నిరుడు అదిమిన బిళ్ళ మీదా 7542 అనే ఉంటుంది. ఆ అంకె చూసి అది 1975 నాటి టీ అనుకోవడం, అలా అనుకోనివ్వడం రెండూ జరుగుతున్నాయి.

కాలం ఆకును ఏం చేస్తుంది

కొత్త పచ్చి పుఎర్‌లో కటెకిన్లు అనే పాలీఫినాల్స్ దండిగా ఉంటాయి. నోటికి వగరుగా తగిలేవి ఇవే. తెలుగులో వగరు షడ్రుచుల్లో ఒకటి గానీ, శరీరశాస్త్రం దీన్ని స్పర్శగా లెక్కిస్తుంది: పాలీఫినాల్స్ ఉమ్మిలోని ప్రోటీన్లను పట్టుకోవడంతో నాలుక మీది జారుడుదనం పోయి బిగుసుకున్నట్టు అనిపిస్తుంది. పచ్చి అరటికాయ, పిందె జామకాయ చేసే పని ఇదే. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని ఆక్సిజన్, మిగిలిన ఎంజైములు, చెమ్మను ఆసరా చేసుకున్న సూక్ష్మజీవులు కలిసి ఈ కటెకిన్లను ఒకదానికొకటి అతికించి పెద్ద అణువులుగా మారుస్తాయి. వాటిలో గోధుమరంగువి థియాబ్రౌనిన్లు. తేనీరు పసుపు నుంచి నారింజకు, అక్కడి నుంచి ఇటుక ఎరుపుకు దిగడానికి, వగరు మెత్తబడడానికి కారణం ఈ మార్పే. కెఫీన్ మాత్రం పెద్దగా తగ్గదు. పాత టీ తాగితే నిద్రకు అడ్డు ఉండదన్న నమ్మకానికి ఆధారం లేదు.

వాసనలోనూ కొత్తవి పుడతాయి. పాత పుఎర్ ప్రత్యేక వాసనకు మెథాక్సీబెంజీన్ తరగతి పదార్థాలు ముఖ్యమని రసాయన విశ్లేషణల్లో తేలింది. పాత చెక్కపెట్టె, ఎండు రేగుపండు, ఒక్కోసారి కర్పూరం గుర్తుకొచ్చే వాసనలు అవి. చైనావారు మెచ్చుకునే ఎండు ఖర్జూరపు వాసన అక్కడి పెద్ద రేగుపండు వాసనే కాబట్టి, రేగువడియాలు తిన్న నోరు దాన్ని పోల్చుకోవడానికి తడబడదు.

ఇన్ని తడవలు ఎందుకు

టీని పోల్చి చూడడానికి అంతర్జాతీయంగా ఐఎస్ఓ 3103 అనే ప్రమాణం ఉంది. 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లకు 2 గ్రాముల ఆకు వేసి 6 నిమిషాలు ఉంచాలన్నది దాని నియమం. వందల నమూనాలను ఒకే కొలతతో తూచడానికి అది సరైనదే. అయితే అందులో ఆకు ఇచ్చినదంతా ఒకే గిన్నెలో కలిసిపోతుంది.

దక్షిణ చైనాలో గోంగ్‌ఫూ అని పిలిచే పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. మూత ఉన్న చిన్న పింగాణీ గిన్నె, గైవాన్, 100 మిల్లీలీటర్లది తీసుకుని అందులో 7 గ్రాముల దాకా ఆకు వేస్తారు. నీళ్లతో పోలిస్తే ఆకు మూడున్నర రెట్లు ఎక్కువ, సమయం మాత్రం సెకన్లలో ఉంటుంది. పాత పుఎర్‌కు సాధారణంగా పాటించే ఒక వరస ఇలా ఉంటుంది: ఆకును తడిపి పారబోసే కడుగునీళ్ల తరువాత మొదటి తడవకు 10 సెకన్లు, ఆపైన వరసగా 8, 10, 12, 15, 20, 30, 45, 60, 90, 120, చివరగా 180 సెకన్లు. మొత్తం కూడితే సరిగ్గా పది నిమిషాలు. అందులో సగం సమయం చివరి రెండు తడవలకే పోతుంది. ఆకులో సరుకు తగ్గేకొద్దీ అంతే చిక్కదనం రావడానికి సమయం పెంచుకుంటూ పోవాల్సి రావడమే దీని వెనుక లెక్క.

పదార్థాలన్నీ ఒకే వేగంతో బయటికి రావన్నది ఇక్కడ అసలు కీలకం. ఆకు పైపొర మీద ఆరిపోయి ఉన్నవి నీళ్లు తగలగానే కరుగుతాయి. కెఫీన్ చిన్న అణువు, వేడినీళ్లలో తేలిగ్గా కరుగుతుంది, కాబట్టి తొలి తడవల్లోనే ఎక్కువ భాగం దిగిపోతుంది. చేదులో దానికీ వాటా ఉంది. పెద్ద పాలీఫినాల్స్ కొంత నెమ్మదిగా వస్తాయి. పెక్టిన్ వంటి బరువైన చక్కెర గొలుసులు ఆకు కణాల గోడల్లోంచి ఊడి రావాలి కాబట్టి అవి ఇంకా ఆలస్యం. ఒకే గిన్నెలో కలిసిపోయి ఒకదాన్నొకటి కప్పేసేవి ఈ పద్ధతిలో కాలక్రమంలో విడివిడిగా కనిపిస్తాయి. ఇరానీ చాయ్ డికాక్షన్ గంటల తరబడి సన్నని సెగ మీద ఉండి అన్నిటినీ ఒకటిగా కలిపేస్తే, గైవాన్ అదే సరుకును పన్నెండు వాటాలు వేస్తుంది. రెండూ ఆలోచనతో కూడిన పద్ధతులే. ఎంచుకున్న ఫలితాలు వేరు.

తడవ తడవకూ ఏం జరుగుతుంది

ఉదాహరణకు 7542 తరహా పచ్చి బిళ్ళను, మరీ పొడీ మరీ చెమ్మా కాని గిడ్డంగిలో ఇరవై ఏళ్లు ఉంచినదాన్ని తీసుకుందాం. సన్నని మొనగల పనిముట్టును బిళ్ళ పక్కనుంచి దూర్చి, ఆకు విరగకుండా పొరలుగా విడదీయాలి. ఆకు ముక్కలైతే తెగిన అంచుల నుంచి చేదు ఒక్కసారిగా దిగి తొలి తడవలు పాడవుతాయి.

మరిగే నీళ్లు పోసి ఐదారు సెకన్లలో పారబోసే కడుగునీళ్లకు రెండు పనులున్నాయి. ఏళ్లుగా చేరిన దుమ్మును తీసేయడం ఒకటి, అదిమిన ఆకును వేడెక్కించి విచ్చుకునేలా చేయడం రెండు. దీంతో కెఫీన్ పోతుందన్న ప్రచారం నిజం కాదు. అంత తక్కువ సమయంలో పోయేది కొంచెమే. పారబోశాక వేడి గైవాన్ మూత ఎత్తి ఆకును వాసన చూడడం అనుభవజ్ఞులు తప్పక చేసే పని. నిల్వ గురించి అత్యంత నిజాయితీగా మాట్లాడే వాసన అదే. తేనీరులోకి రాని చెమ్మ, పొగ, అటక వాసనలు అక్కడ దాక్కోలేవు.

మొదటి రెండు తడవలు తరచుగా పలచనగా ఉంటాయి. బిళ్ళ ముక్క లోపలికి నీళ్లు ఇంకా చేరకపోవడమే కారణం. ఈ కప్పుల్లో ఆకు కంటే గిడ్డంగి ఎక్కువగా వినిపిస్తుంది: పాత కాగితం, ఎండిన చెక్క, లేశమాత్రం మట్టి. ఆకు పై ముఖం మీద చేరినవి ముందుగా కడిగినట్టు వచ్చేస్తాయి కాబట్టి ఇలా జరుగుతుంది. ఇక్కడే నచ్చలేదని పక్కన పెట్టేసేవారు అసలు టీని తాగనే లేదు.

మూడో తడవ నుంచి ఐదో తడవ దాకా ఆకు పూర్తిగా విచ్చుకుని ఉంటుంది. రంగు ముదురు నారింజకో ఎరుపుకో చేరుతుంది. చేదు, వగరు, తీపి మూడూ కలిసి ఉండే దశ ఇదే. నాణ్యమైన ఆకులో చేదు నాలుక మీద తగిలి వెంటనే జారిపోతుంది, నాసిరకంలో అక్కడే బిగుసుకుని కూర్చుంటుంది. చేదు ఉందా లేదా అన్నది కాక, ఎంత తొందరగా విడుస్తుందన్నదే ఇక్కడ కొలత. చైనా రుచి పరీక్షకులు హుయ్‌గాన్ అని పిలిచే తీపి ఈ తడవల్లోనే బలంగా తెలుస్తుంది. మింగిన కాసేపటికి గొంతులోంచి వెనక్కి వచ్చే తీపి అది. ఉసిరికాయ కొరికి మంచినీళ్లు తాగినవారికి ఆ అనుభవాన్ని వర్ణించాల్సిన పని లేదు. వగరు, చేదు తగ్గుతున్నకొద్దీ నోరు వాటితో పోల్చుకుని మామూలు రుచిని తీపిగా గ్రహించడం, లాలాజలం ఊరడం దీనికి సాధారణంగా చెప్పే కారణాలు. రుచిని వర్ణించే భాషల్లో వగరుకు చేదు నుంచి వేరుగా, రోజూ వాడే సొంత మాట లేనివి ఉన్నాయి. ఆ మాట నాలుక చివర ఉన్న తెలుగువారికి ఈ తడవల్లో జరిగేది చెప్పుకోవడం సులువు.

ఆరు నుంచి తొమ్మిది దాకా వగరు వెనక్కి తగ్గుతుంది. తేనీరు నోట్లో కొంచెం చిక్కగా, నున్నగా కదులుతుంది. బియ్యపు గంజి తేట తాగినప్పటి నునుపును ఇది కొంతవరకు పోలి ఉంటుంది. ఆలస్యంగా దిగే చక్కెర గొలుసుల వంతు ఇప్పుడు వస్తుంది. వాసన పలచబడుతుంది, కర్పూరపు చల్లదనం ఉన్న టీలో అది ఊపిరి వదిలినప్పుడు తెలుస్తుంది. పాత టీని ఇష్టపడేవారు ఈ మధ్య భాగం కోసమే ధర పెడతారంటే తప్పులేదు, ఎందుకంటే కొత్త టీలో ఇది ఉండదు; కొత్త ఆకు ఈ దశలోనూ వగరుతోనే పోరాడుతూ ఉంటుంది.

పది దాటాక మిగిలేది తీపినీళ్లే. రంగు లేత బంగారానికి తగ్గినా నోటికి ఖాళీగా అనిపించకపోవడం మంచి ఆకు గుర్తు. రంగు ఉండి రుచి లేకపోతే అనుమానించాలి. పన్నెండో తడవ తరువాత ఆకును చిన్న గిన్నెలో వేసి కొన్ని నిమిషాలు మరిగించే అలవాటు కూడా ఉంది. కణాల్లో మిగిలిన ఆఖరి తీపి అలా బయటపడుతుంది. చివరికి తడి ఆకును పళ్లెంలో పరిచి చూడాలి. సక్రమంగా మాగిన పచ్చి పుఎర్ ఆకు గోధుమరంగులో ఉండి, వేళ్ల మధ్య సాగదీస్తే ఇంకా జీవం ఉన్నట్టు వంగుతుంది. నల్లగా మాడినట్టుండి, నలిపితే బురదలా విడిపోయే ఆకు అతి చెమ్మను చూసిందని అర్థం. షౌ ఆకు ముదురు రంగులో, బిరుసుగా ఉంటుంది. షౌ టీలో తడవల కథ కూడా చిన్నదే: మొదటి నుంచే నల్లగా, మెత్తగా వచ్చి, ఏడెనిమిది తడవల్లో పెద్ద మలుపులు లేకుండా సన్నగిల్లుతుంది. మార్పు చెందాల్సిందంతా కుప్పలోనే చెంది ఉండడమే దీనికి కారణం.

గిడ్డంగి రాసిన చరిత్ర

కున్మింగ్ సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తున, పొడి గాలిలో ఉంది. అక్కడ దాచిన బిళ్ళ ఇరవై ఏళ్లకు కూడా కొంత వగరు, పూల వాసన నిలుపుకుంటుంది. గ్వాంగ్‌ఝౌ, హాంకాంగ్‌ల వేడి చెమ్మలో అదే బిళ్ళ అంతకంటే చాలా ముందుగా ఎర్రబడి మెత్తబడుతుంది. హాంకాంగ్ వర్తకులు ఒకప్పుడు నేలమాళిగల్లో ఎక్కువ చెమ్మలో కొన్నేళ్లుంచి, తరువాత పొడి గదికి మార్చి ఆ వాసన పోయేదాకా ఆగేవారు. దీన్ని సంప్రదాయ నిల్వ అంటారు. సరిగ్గా చేసిన సంప్రదాయ నిల్వలో మట్టి వాసన మూడో తడవకల్లా తప్పుకుని కింద తీపి బయటపడుతుంది. సరిగ్గా చేయనిదానిలో ఎనిమిదో తడవకూ ముక్కవాసన వదలదు, గొంతు గరగరలాడుతుంది.

తడవలవారీగా తాగడం అక్కరకొచ్చేది ఇక్కడే. గిడ్డంగి వాసన ఆకు పైన ఉండేదా, లోపలికంటా దిగిందా అన్నది ఒకే గిన్నెలో ఆరు నిమిషాలు నానబెడితే తెలియదు. వరసగా వంపిన కప్పుల్లో అది ఎప్పుడు తప్పుకుందో చూస్తే తెలుస్తుంది. దీన్నిబట్టి వయసు చెప్పగలమా అంటే, చెప్పలేం. పదేళ్లు వేడి చెమ్మలో ఉన్న టీ, పాతికేళ్లు కున్మింగ్‌లో ఉన్న టీ రంగులోనూ మెత్తదనంలోనూ ఒకదానికొకటి దగ్గరకు రాగలవు. త్వరగా పాతగా కనిపించేలా చేసిన టీని పాతదిగా అమ్మడానికి ఉన్న వెసులుబాటు ఇదే.

వయసుకు ధర కట్టిన బజారు

1990లలో హాంకాంగ్ పాత నిల్వలు తైవాన్ సేకర్తల చేతికి పోవడంతో పుఎర్ రోజువారీ పానీయం స్థాయి నుంచి పెట్టుబడి వస్తువు స్థాయికి చేరింది. ఆ తరువాతి దశాబ్దంలో చైనాలోనే ధరలు విపరీతంగా పెరిగి 2007లో ఒక్కసారిగా కుప్పకూలాయి. తాగడానికి కాక తిరిగి అమ్మడానికే కొన్నవారి దగ్గర బిళ్ళలు పేరుకుపోయాయి. ఆ మరుసటి ఏడాది వచ్చిన చైనా జాతీయ ప్రమాణం పుఎర్ పేరును యునాన్‌లోని నిర్ణీత ప్రాంతాల్లో పండిన, ఎండలో ఆరబెట్టిన పెద్దాకు టీకే పరిమితం చేసింది. ప్రాంతాన్ని చట్టం నిర్వచించగలిగింది గానీ, అచ్చయిన తేదీ తరువాత బిళ్ళ ఎక్కడెక్కడ గడిపిందో చెప్పే చిట్టా ఏ కాగితం మీదా ఉండదు. పాత కాగితాన్ని కొత్త బిళ్ళకు చుట్టడం కష్టమైన పని కాదు. ఈ పరిస్థితుల్లో కాగితం మీది సంవత్సరానికి డబ్బు పెట్టడం కంటే, ముందు 20, 25 గ్రాముల నమూనా తెప్పించుకుని పన్నెండు తడవలూ తాగి చూసి, కప్పులో ఉన్నదానికి డబ్బు పెట్టడం న్యాయమైన బేరం.

బూజు, ఆరోగ్యం

షౌ కుప్పలో ప్రధానంగా పనిచేసే బూజుల్లో ఆస్పర్జిల్లస్ నైజర్ ఒకటి. పేరులో పోలిక ఉన్నా ఇది అఫ్లటాక్సిన్ తయారు చేయదు. ఆ విషాన్ని తయారు చేసేది దాని దాయాది ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. వేరుశనగ కాయలు చెమ్మ తగిలితే అఫ్లటాక్సిన్ భయంతో బేరం పోవడం అనంతపురం రైతులకు తెలిసిన సంగతే. పుఎర్‌లో ఈ విషం ఉంటుందా అన్న వివాదం 2017లో చైనాలో పెద్దగా నడిచింది. ప్రక్రియ సక్రమంగా సాగితే ముప్పు తక్కువ, గిడ్డంగి అదుపు తప్పితే ఏ బూజైనా చేరవచ్చు. అందుచేత కంటికి పసుపుపచ్చ, ఆకుపచ్చ, నలుపు బూజు కనిపించే బిళ్ళను కడుగునీళ్లతో శుద్ధి చేసుకోవచ్చనుకోవడం పొరపాటు. అలాంటిదాన్ని పారేయడమే సరైనది.

బరువు తగ్గిస్తుందన్న ప్రచారం గురించి ఒక మాట. పుఎర్‌లోని థియాబ్రౌనిన్ పేగుల్లోని సూక్ష్మజీవులను మార్చి కొలెస్ట్రాల్‌ను తగ్గించే తీరును ప్రధానంగా ఎలుకల మీద పరిశీలించిన పరిశోధన 2019లో వెలువడింది. అది ఆసక్తికరమైన ఫలితమే గానీ, రోజూ రెండు కప్పులు తాగితే నడుము తగ్గుతుందని అందులో లేదు. మరోవైపు, భోజనంతో పాటు ఏ టీ తాగినా ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టడం తగ్గుతుందన్నది స్థిరపడిన విషయం. రక్తహీనత ఉన్నవారు భోజనానికీ టీకీ మధ్య ఎడం ఉంచాలి.

తెలుగు నేల మీద దాచాలంటే

పచ్చి బిళ్ళ మాగడానికి గాలిలో తేమ 60 నుంచి 70 శాతం మధ్య ఉంటే మేలు. అంతకు బాగా తగ్గితే మార్పు ఆగినట్టవుతుంది, 80 శాతం దాటి చాలాకాలం నిలిస్తే బూజు పడుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి కోస్తా ఊళ్లలో వేడీ చెమ్మా రెండూ ఉన్నాయి కాబట్టి మార్పు వేగంగా సాగుతుంది, వానాకాలంలో మాత్రం బిళ్ళను తరచుగా తీసి చూసుకోవాలి. హైదరాబాద్, అనంతపురం ఎండాకాలపు పొడిగాలి ఆకును నిద్రపుచ్చుతుంది. అలాంటి చోట నున్న పూత లేని మట్టికుండలో పెట్టి గుడ్డ కట్టడం తేమ హెచ్చుతగ్గులను కొంత ఆపుతుంది. చైనాలోనూ మట్టి జాడీల వాడకం ఉంది. అంతకంటే ముఖ్యం వంటింటికి దూరంగా ఉంచడం. టీ ఆకు చుట్టుపక్కల వాసనలను ఇట్టే పీల్చుకుంటుంది, ఇంగువ డబ్బా పక్కన ఏడాది ఉన్న బిళ్ళ ఆ సంగతిని మొదటి తడవలోనే బయటపెడుతుంది. అగరువత్తుల అర, నాఫ్తలీన్ ఉండలు వేసిన బట్టల బీరువా కూడా పనికిరావు.

ఒకే బిళ్ళను రెండుగా విడదీసి సగం విశాఖలో, సగం హైదరాబాద్‌లో ఐదారేళ్లు ఉంచి పక్కపక్కన రెండు గైవాన్లలో తాగి చూస్తే ఇక్కడ చెప్పిన ప్రక్రియంతా కప్పుల్లోనే కనిపిస్తుంది. కోస్తా ముక్క మొదటి తడవలోనే ఎరుపు తిరిగి చెక్క వాసనతో మొదలవుతుంది. హైదరాబాద్ ముక్క నాలుగో తడవకు కూడా పసుపుగా, వగరు విడవకుండా ఉంటుంది. రెంటి కాగితం మీదా ఒకే సంవత్సరం ఉంటుంది.